నాంచారయ్య పెదనాన్న చెప్పిన సాక్ష్యం

మొన్న గుంటూరు నుంచి తెనాలి వస్తుంటే, సంగం జాగర్లమూడి దాటిన కాసేపటికి బస్సు కిటికీలోంచి వేడి తవుడు వాసన గుప్పుమంది. నడుస్తున్న రైసు మిల్లు పక్కనుంచి వెళ్ళేటప్పుడు వచ్చే వాసనే. కొంచెం తియ్యగా, కొంచెం నూనె వాసనగా, దుమ్ముతో కలిసి గొంతు దాకా దిగుతుంది. పక్క సీటులో ఉన్నావిడ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కిటికీ ఇంకొంచెం తెరిచాను. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది. మా నాన్న చొక్కాకి అదే, జుట్టుకి అదే. ఎంత రుద్ది స్నానం చేసినా ఆయన పక్కన కూర్చుంటే మళ్ళీ అదే. ఆయన పోయాక ఆ వాసన ప్రతి శనివారం మా గుమ్మం దాకా వచ్చి నిలబడేది. దాన్ని తెచ్చేవాడు నాంచారయ్య పెదనాన్న. ఆయన కూడా పోయి ఇప్పటికి రెండు నెలలైంది. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను, ఏదో ఒక వంకతో వాయిదా వేస్తున్నాను. ఆ రోజు ఇంటికి రాగానే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

పెదనాన్న అంటే సొంత పెదనాన్న కాదు. మా నాన్న సాంబయ్య పనిచేసిన ముఠాకి ఆయన మేస్త్రి. సొంతూరు రేపల్లె. పని కోసం వచ్చి అంగలకుదురులో మాకు రెండిళ్ళ అవతల స్థిరపడ్డాడు. ముఠా అంటే మిల్లులో బస్తాలు ఎత్తి దించే హమాలీల జట్టు. మొత్తం పదకొండు మంది. ఎవరు ఎన్ని బస్తాలు మోసినా వారం కూలి ఒకచోట పోసి సమానంగా పంచుకునేవాళ్ళు. జ్వరంతో పడుకున్నవాడికీ ఒక వాటా ఉండేది. వాళ్ళలో ఎవరైనా చనిపోతే, ఆ కోతల సీజను ముగిసేదాకా అతని వాటా అతని ఇంటికి పంపడం ఆచారం. దాన్ని ఎవరూ దానం అనుకునేవారు కాదు. మిగిలిన పదిమందీ పోయినవాడి బస్తాలు కూడా మోసేవాళ్ళు, అంతే. పెదనాన్న పొట్టి మనిషి. బస్తాలు మోసి మోసి మెడ వెనక చర్మం కాయ కాసి ఉండేది. నేను నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళినప్పుడల్లా నన్ను మిల్లు కాటా మీద నిలబెట్టి, "బస్తాలో సగం కూడా తూగట్లేదేంట్రా సాంబా, పిల్లకి అన్నం పెడుతున్నారా లేదా?" అని అందరికీ వినపడేలా అనేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కాటా దిగి విసవిసా వెళ్ళిపోతుంటే వెనకనుంచి, "మిరపకాయ తూకానికి తక్కువే, ఘాటు మాత్రం ఎక్కువ" అని నవ్వేవాడు.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నాన్న పోయాడు. మిల్లులో ధాన్యాన్ని ఒక గుంటలో పోస్తే, చిన్న చిన్న బకెట్లు తగిలించిన బెల్టు దాన్ని పైకి తోడుతుంది. గడ్డి అడ్డం పడితే బెల్టు దగ్గర ధాన్యం ఇరుక్కుపోతుంది. అప్పుడు మోటారు ఆపి, గడ్డి తీసి, మళ్ళీ వేయాలి. నాన్న మోటారు ఆపకుండానే కర్రతో పొడవబోయాడని, పైపంచె ఇరుసుకి చుట్టుకుందని చెప్పారు. మిట్టమధ్యాహ్నం జరిగింది. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది. ఇంతకు మించి దాని గురించి రాయలేను. పదోరోజున మిల్లు ఓనరు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "సాంబయ్య మా మిల్లు మనిషి కాదమ్మా, ముఠా మనిషి. అయినా కర్మ ఖర్చులకి ఇస్తున్నాను, తీసుకో. నడిచే మిషన్లో కర్ర పెట్టాడు, ఎవరం ఏం చేస్తాం చెప్పు?" అన్నాడు. మా అమ్మ దుర్గమ్మ ఆ మాటల్లో మొదటిది పట్టించుకోలేదు, ఆఖరిదాన్ని మాత్రం నమ్మేసింది. ఆ రోజు నుంచి నాన్న ఫోటోని తిట్టడం మొదలుపెట్టింది. "ఏం మునిగిపోయిందయ్యా నీకు? ఒక్క నిమిషం ఆగితే ఏం? అన్నింటికీ తొందరే. ఆడపిల్లని నా నెత్తిన పడేసి పోయావు" అంటూ పొయ్యి దగ్గర కూర్చుని తిట్టేది. దుఃఖం అలా బయటికొస్తోందిలే అనుకుని నేను ఊరుకున్నాను. అమ్మ నిజంగానే ఆయన్ని క్షమించలేకపోతోందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కేసు వేయమని పట్టుబట్టింది పెదనాన్నే. గుమ్మం బయట నిలబడి, "అమ్మా, పనిలో పోయిన మనిషికి నష్టపరిహారం ఇవ్వాలని చట్టం ఉందంట. తెనాలిలో ప్లీడరు గారిని కనుక్కొచ్చాను" అన్నాడు. అమ్మ భయపడింది. "పెద్దోళ్ళతో మనకెందుకండీ బావగారూ? మీరూ అక్కడే పని చేసుకోవాలి కదా" అంది. "నా సంగతి నేను చూసుకుంటాలే. అమ్మాయి చదువు ఆగకూడదు" అన్నాడాయన. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు వాయిదా పడ్డప్పుడల్లా మా ఇద్దరినీ గుంటూరులో కార్మిక శాఖ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. బస్సులో మాతో కూర్చునేవాడు కాదు, వెనక సీటుకి వెళ్ళిపోయేవాడు. ఒకసారి గుమస్తా ఏదో చెప్పి కాగితం మీద సంతకం పెట్టమంటే నేను తలూపి పెట్టబోయాను. పెదనాన్న నా చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు. "ఏం అర్థమైందో చెప్పు" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. "అర్థం కాకపోతే కాలేదని చెప్పడానికి సిగ్గెందుకు? చదువుకున్నదానివి నువ్వే తలూపితే, మీ అమ్మ ఎవర్ని అడగాలి?" అని అందరి ముందూ కేకలేశాడు. ఆ రోజు నాకు తల తీసేసినట్టయింది. కానీ ఆనాటి నుంచి చదవకుండా ఎక్కడా సంతకం పెట్టలేదు.

చివరికి ఆయన సాక్ష్యం చెప్పే రోజు వచ్చింది. ముఠాలో మిగిలినవాళ్ళెవరూ రాలేదు. వాళ్ళని తప్పుపట్టలేను, వాళ్ళకీ పిల్లలున్నారు. ఓనరు తరఫు ప్లీడరు చాలా మెత్తగా అడిగాడు. "సాంబయ్యకి కూలి ఎవరిచ్చేవారు?" "వచ్చింది ముఠాలో పంచుకుంటామండి." "ఆయన పోయాక వాళ్ళింటికి డబ్బులు ఎవరిచ్చారు?" "సీజను అయ్యేదాకా మేమే ఇచ్చామండి." "మిల్లు వాళ్ళు ఇవ్వలేదు కదా?" "లేదండి." ఆ ప్లీడరు, కేసు వింటున్న ఆఫీసరు వైపు తిరిగి, వీళ్ళు తమలో తాము పంచుకునే వాటాదారులని, బతికున్నా పోయినా వీళ్ళ బాగోగులు ముఠావేనని, మిల్లుకి సంబంధం లేదని చెప్పాడు. పదిమంది కష్టపడి మోసి మాకు పంపిన డబ్బు మా కేసునే ముంచేలా ఉందని అప్పుడు అర్థమైంది. పెదనాన్న ముఖం నల్లబడిపోయింది. ఆయన చేసిన మంచి పనిని ఆయన నోటితోనే చెప్పించి మా మీదికి తిప్పారు.

మా ప్లీడరు గారు లేచారు. పని ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది ఎవరని అడిగారు. "ఓనరు గారేనండి. లోడు మొత్తం దిగేదాకా మోటారు ఆపొద్దని, ఆపితే కూలి కోస్తానని ఆ రోజు పొద్దున కూడా నాతో చెప్పారండి" అన్నాడు పెదనాన్న. అంటే మిల్లు మాట ప్రకారమే పని జరిగిందన్నమాట. మా ప్లీడరు గారు తృప్తిగా కూర్చోబోయారు. పెదనాన్న బోనులోంచి దిగలేదు. "ఇంకో మాటుందండి" అన్నాడు. మా ప్లీడరు గారు వద్దన్నట్టు చూశారు. ఆయన అటు చూడనే లేదు. "ఓనరు గారు చెప్పింది నాతోనండి. సాంబయ్యతో చెప్పింది నేనే. సాంబయ్య ఆపి తీద్దామన్నాడు. స్విచ్చి దగ్గరికి వెళ్ళి చెయ్యి కూడా వేశాడు. నేనే వద్దన్నాను. ఆపకు, కర్రతో పొడిచెయ్, ఒక్క నిమిషం పని అన్నాను. సాంబయ్య తప్పేం లేదండి." గదిలో ఆ మాటలన్నీ టైపు కొడుతున్న చప్పుడు వినపడుతోంది. అమ్మ లేచి బయటికి నడిచింది. నేను ఆవిడ వెనకే వెళ్ళాను. ఆ రోజు మేము ఆయన కోసం ఆగకుండా బస్సెక్కేశాం.

వాటా ఇవ్వడం సీజనుతో ఆగినా శనివారాలు మమ్మల్ని చూడటానికి రావడం ఆయన మానలేదు, ఆ శనివారం కూడా మామూలుగానే వచ్చాడు. నేను తలుపు సగం తీసి అడ్డంగా నిలబడ్డాను. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. నోటికి ఏది వస్తే అది అనగలిగే వయసు. "మా నాన్నని ఆ గుంట దగ్గరికి పంపింది నువ్వని తెలిసి కూడా, ఇన్నాళ్ళూ మా ఇంటికొచ్చి కాఫీ ఎలా తాగావు పెదనాన్నా?" అన్నాను. ఆయన నా వైపు చూసి, "తాగలేదమ్మా. ఎప్పుడన్నా తాగానేమో గుర్తు తెచ్చుకో" అన్నాడు. అది నిజం. నాన్న పోయిన రోజు నుంచి ఆయన మా గడప దాటలేదు, మా ఇంట మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అమ్మ కాఫీ కలుపుతానంటే ఇప్పుడే తాగొచ్చానని తప్పించుకునేవాడు. అదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. అయినా నేను తలుపు వేసేశాను.

తర్వాత కొన్నాళ్ళకే ఆయన మేస్త్రి పని పోయింది. చుట్టుపక్కల ఏ మిల్లులోనూ పని దొరకలేదు. ఓనరుకి ఎదురు సాక్ష్యం చెప్పినవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? ఇల్లు ఖాళీ చేసి రేపల్లె వెళ్ళిపోయాడని, అక్కడ మార్కెట్టులో కూరగాయల బస్తాలు దించుతున్నాడని ఎవరో చెబితే విన్నాం. అమ్మ ఆయన పేరెత్తలేదు. కానీ ఫోటోని తిట్టడం మానేసింది. అసలు ఫోటో వైపు చూడటమే మానేసింది. తీర్పు మాకు అనుకూలంగా వచ్చిందని, ఓనరు డబ్బు ఆఫీసులో కట్టేశాడని ప్లీడరు గారు కబురు పెట్టారు. కాగితాల మీద సంతకాల కోసం తెనాలి వెళ్ళాం. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ మాటల్లో మాటగా, "కేసుకి నాంచారయ్య చెప్పిన ఆ ఆఖరి మాట అక్కర్లేదమ్మా. ఓనరు ఆపొద్దన్నాడు అనే దాకా చెబితే సరిపోతుంది, అక్కడ ఆగిపో అని ముందే చెప్పాను. వినలేదు. సాంబయ్య తొందరపాటు మనిషని ఊరంతా అనుకుంటోంది, వాళ్ళావిడ కూడా అదే అనుకుంటోంది, అది పోవాలి అన్నాడు" అన్నారు. అమ్మ లేచి నా చెయ్యి పట్టుకుంది. బస్టాండుకి నడిచి వెళ్తున్నంతసేపూ వదల్లేదు.

డబ్బు తీసుకునే రోజున గుంటూరు ఆఫీసుకి వెళ్ళేసరికి మెట్ల కింద పెదనాన్న నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. మమ్మల్ని ఎరిగిన మనిషి ఒకరు సాక్షి సంతకం పెట్టాలట. ఊళ్ళో ఎవరూ ముందుకు రాకపోతే ప్లీడరు గారు ఆయనకే కబురు చేశారు. రేపల్లెలో మొదటి రైలెక్కి, తెనాలిలో మారి వచ్చాడు. మమ్మల్ని చూసి పక్కకి తప్పుకున్నాడు. మేము ఆయన్ని దాటుకుని మెట్లెక్కాం. లోపల ఆఫీసరు గారు బ్యాంకు పుస్తకాలు, ఫోటోలు చూశారు. వీళ్ళని మీరెరుగుదురా అని పెదనాన్నని అడిగారు. "ఈవిడ సాంబయ్య భార్యండి. ఈ అమ్మాయి సాంబయ్య కూతురు" అన్నాడు, సంతకం పెట్టి గోడవారగా జరిగాడు. డబ్బు ఖాతాల్లో పడుతుందని, అమ్మ వాటాలో కొంత డిపాజిట్టులో ఉంచుతామని ఆఫీసరు గారు వివరించారు. ఎంతో కూడా చెప్పారు. అమ్మ ఆ అంకె విన్నట్టు లేదు. వేలికి సిరా అంటించుకుని కాగితం మీద పెట్టబోతూ ఆగిపోయింది.

"మా ఆయన ఎలా పోయాడని రాశారండీ ఇందులో?" అని అడిగింది. అది రసీదేనని, తీర్పు వేరే ఉంటుందని ఆఫీసరు గారు అన్నారు. "అది చదవండయ్యా ఒకసారి. నాకు చదువు రాదు" అంది అమ్మ. వెనక ఇంకా ఇద్దరు ముగ్గురు వేచి ఉన్నారు. ఆయన విసుక్కుంటారేమో అనుకున్నాను. విసుక్కోలేదు. ఫైలు తెప్పించి, కాగితాలు తిప్పి, ఆ చోటు వెతికి చదివారు. మృతుడు యంత్రాన్ని ఆపేందుకు ప్రయత్నించాడని, ఆపవద్దన్న ఆదేశాన్ని పాటిస్తూ పనిలో ఉండగా మరణించాడని, అతని నిర్లక్ష్యం ఉన్నట్టు రుజువు కాలేదని అందులో ఉంది. "ఇంకోసారి చదవండయ్యా" అంది అమ్మ. ఆయన మళ్ళీ చదివారు. అమ్మ అప్పుడు వేలిముద్ర వేసింది. వేసి, సిరా వేలు చీరకి తుడుచుకుని, గోడ దగ్గరున్న పెదనాన్న వైపు తిరిగింది.

"బావగారూ" అంది. ఎన్ని నెలల తర్వాతో ఆ పిలుపు. "ఏడాదిన్నర పాటు ఆయన్ని తిట్టుకుంటూ బతికానండి. పోయిన మనిషిని పొద్దున లేస్తే తిట్టాను. మీ మీద నాకు కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు. కానీ ఆయన మీద కోపం పోయింది. అది మీరే తీశారు." పెదనాన్న రెండు చేతులూ జోడించబోయి, ఏమనుకున్నాడో, దించేశాడు. "వస్తానమ్మా, రైలుకి టైమైంది" అన్నాడు. వెళ్ళేముందు నా వైపు చూశాడు. నేను ఏదో ఒక మాట అంటానని ఆగాడని ఇప్పుడు తెలుస్తోంది. నేను బ్యాంకు పుస్తకం తెరిచి అందులో ఇంకా ఏమీ లేని పేజీ చదువుతున్నట్టు నటించాను. తలెత్తేసరికి ఆయన మెట్లు దిగిపోయాడు. ఆ డబ్బుతోనే నేను నర్సింగు చదివాను. చదువుకుంటున్నన్నాళ్ళూ అది నాన్న ఇచ్చిందనే చెప్పుకున్నాను.

బాపట్లలో ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక తప్పు చేశాను. పక్క మంచం పేషెంటుకి ఇవ్వాల్సిన ఇంజెక్షను ఇంకొకావిడకి ఇచ్చేశాను. ఇచ్చాక గానీ చూసుకోలేదు. నాతో డ్యూటీలో ఉన్న సీనియరు, "ఎవరూ చూడలేదు. ఆవిడకేం కాదులే, ఊరుకో" అంది. ఊరుకుందామనే అనుకున్నాను. అబద్ధం చెప్పను, ఆ క్షణంలో నా ఉద్యోగమే గుర్తొచ్చింది, ఆవిడ కాదు. అప్పుడు ఆ గుంటూరు గదిలో టైపు కొట్టే చప్పుడు చెవుల్లో మోగింది. డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి నేనే ఇచ్చానని చెప్పాను. ఆవిడని వెంటనే చూశారు, ప్రమాదమేమీ కాలేదు. నాకు మెమో వచ్చింది. ఆ సీనియరు నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారమే సెలవు పెట్టి రేపల్లె వెళ్ళాను.

పెదనాన్న ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు వాచి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టాక, "బస్తా తూగుతున్నావా ఇప్పుడన్నా?" అన్నాడు. నేను జరిగిందంతా చెప్పాను. "అడక్కుండానే చెప్పావా?" అన్నాడు. అవునన్నాను. చాలాసేపు తల ఊపాడు. "ఆ పూట నిద్ర పట్టిందా?" అని అడిగాడు. పట్టిందన్నాను. "మంచిదమ్మా. నాకు పట్టలేదు. చెప్పేస్తే పడుతుందేమో అనుకున్నాను. ఇప్పటికీ సరిగా పట్టదు. కళ్ళు మూస్తే మీ నాన్న చెయ్యి స్విచ్చి మీద కనపడుద్ది. చెప్పినందుకేం బాధ లేదులే. ఆ మాట సాంబయ్య కోసం చెప్పింది, నా నిద్ర కోసం కాదు" అన్నాడు. పెద్దమ్మ కాఫీ తెచ్చింది. నేను తాగాను. మోకాళ్ళకి ఏం రాయాలో, బీపీ మాత్ర ఏ వేళకి వేసుకోవాలో, కాళ్ళ కింద దిండు ఎలా పెట్టుకోవాలో నర్సులా అన్నీ చెప్పాను. చెప్పాల్సిన మాట ఒక్కటీ చెప్పకుండా సాయంత్రం రైలుకి వచ్చేశాను. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు వెళ్ళాను. ప్రతిసారీ మందుల గురించే మాట్లాడాను.

వార్డులో ఏదన్నా పొరపాటు జరిగితే "నేనే" అనడం నాకిప్పుడు కష్టం కాదు. కొత్తగా వచ్చిన పిల్లలు ఆశ్చర్యంగా చూస్తారు. ఇది ఎక్కడ నేర్చుకున్నారు మేడం అని ఒకరిద్దరు అడిగారు కూడా. అది ఆయన దగ్గర్నుంచి వచ్చింది, నాతోనే ఉంటుంది. ఇంకో మాట కూడా నాతోనే ఉండిపోయింది. నీ తప్పేం లేదని ఆయనతో అనలేకపోయేదాన్ని, అన్నా ఆయన ఒప్పుకునేవాడు కాదు. కానీ ఆ రోజు రేపల్లెలో లేచి వచ్చేముందు ఆయన పక్కన ఒక్క నిమిషం కూర్చుని, నాన్న సంగతి మాకు తెలిసింది, మేము బాగానే ఉన్నాం, ఇక పడుకో పెదనాన్నా అనగలిగేదాన్ని. ఆ మాట అనాల్సింది ఆయన కూతురి వరసైన నేనే. అనలేదు.